గోడలు పూయకముందే ఈ వైర్ల సంగతి చూసుకో నాన్నా

నాన్నా,

స్లాబ్ అయిపోయింది, ఇంక గోడలకి గాడి కొట్టిస్తున్నారని నిన్న అక్క చెప్పింది, విని ఎంత సంతోషమయిందో. కానీ ఫోన్ వైరు అక్కర్లేదు, అంతా వైఫైయే కదా అని నువ్వన్నావట, ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు, అందుకే బరంపురం నుంచి ఇంత పెద్ద లెటర్ టైప్ చేస్తున్నా. ముప్పయ్యేళ్ళు ఫోన్ లైన్ల మీద బతికినవాణ్ణి, ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

ముందు ఒకటి అర్థం చేసుకో. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు టెలిఫోన్ ఎక్స్చేంజ్ నుంచే వచ్చేది, 48 వోల్టులు, ఆ రాగి తీగలోనే. ఊరంతా చీకటైనా ఫోన్ మాత్రం పలికేది. ఇప్పుడు ఫైబర్, అంటే వెలుగు మీద నడిచే సన్న గాజు తీగ, వచ్చాక మాట కూడా ఇంటర్నెట్‌లాగే వెళ్తుంది, ఇంట్లో గోడకి పెట్టే ఆ తెల్ల డబ్బాకి మన కరెంటే కావాలి, కరెంటు పోతే ఫోన్ పోయినట్టే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన పర్లాకిమిడి, గజపతి జిల్లా అంతా రోజుల తరబడి కరెంటు లేకుండా ఎలా ఉందో నీకు గుర్తుందిగా. అందుకని డబ్బా పెట్టేచోట రెండు ప్లగ్ పాయింట్లు పెట్టించు, ఆ రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి. ఇన్వర్టర్ ఇప్పుడే కొనలేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకో, కాకపోతే అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి సరిపోయేదే కొను.

డబ్బాని మీటర్ బోర్డు పక్కనో ఇనప బీరువా వెనకో పెట్టనివ్వకు, సిగ్నల్ చచ్చిపోద్ది. హాల్లో కొంచెం ఎత్తున, గాలి తగిలేచోట పెట్టించు. బయట గోడ నుంచి అక్కడిదాకా 25 ఎంఎం పైపు వేయించి, లోపల ఒక లాగుడు తీగ వదిలెయ్యమను. మలుపులు నిదానంగా తిరగాలి, ఫైబర్‌ని గట్టిగా వంచితే లోపలి గాజు దెబ్బతిని వెలుగు పోద్ది. ఆ వైరు చివర్ని పిల్లలు కంటి దగ్గర పెట్టుకుని చూడకుండా చూసుకో, లోపలి లేజర్ కంటికి కనపడదు కానీ హాని చెయ్యొచ్చు.

అక్కడి నుంచి ప్రతి గదికీ ఒక్కో క్యాట్ 6 వైరు, అదే నాలుగు జతల రాగి తీగలుండే ఇంటర్నెట్ వైరు, లాగించు. ఇది మటుకు నా అనుభవం: నా ఇల్లు కట్టినప్పుడు కరెంటు వైర్ల పైపులోనే ఫోన్ వైరు కూడా తోసేశాడు మిస్త్రీ, నేను డ్యూటీలో ఉండి చూసుకోలేదు, ఆ తర్వాత ఎన్నేళ్ళు ఫోన్ ఎత్తినా గుయ్యిమని శబ్దమే, చివరికి గోడ పగలగొట్టించాను. పైపులు వేరు వేరుగా వేయించు, పక్కపక్కన నడిచేచోట ఒక అడుగు ఎడం ఉండాలి. వైరు కొనేటప్పుడు చివర బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తిరిగిచ్చెయ్. అదే క్యాట్ 6లో ఒక్క నీలం జత తీసి డబ్బాకున్న ఫోన్ పోర్టుకి కలిపితే అమ్మ గదిలో మామూలు ఫోన్ మోగుద్ది, వేరే వైరు అక్కర్లేదు. పాత ఇంటి రాగి వైరింగే వాడాలనుకుంటే మాత్రం ముందు రోజెట్ దగ్గర, అంటే గోడ మీద ఫోన్ లైన్ కలిపే చిన్న పెట్టె దగ్గర, బయటి లైన్ విడదీసెయ్యాలి, లేకపోతే ఆ పోర్టు కాలిపోయే ప్రమాదముంది.

ఇంక రూల్స్ సంగతి. 2002 ఏప్రిల్‌లో మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడటానికి, మొదట అనుమతిచ్చినా, దాంట్లోంచి మామూలు ఇండియా నంబర్లకి చెయ్యనివ్వలేదు, 2018లోనే లైసెన్సున్న కంపెనీల ద్వారా ఆ దారి తెరిచారు. కాబట్టి నీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన నంబరూ, మొబైల్‌లో వైఫై కాలింగూ వాడుకో, కొండల పక్కన సిగ్నల్ రాని గదుల్లో అది దేవుడిలా పనికొస్తుంది. వాట్సాప్ కాల్‌తో మాత్రం ఆపదలో పిలిచే 112కి చెయ్యలేం, అది అమ్మకి బాగా చెప్పు, అందుకే ఇంట్లో ఒక అసలు ఫోన్ ఉండి తీరాలంటున్నా.

అన్నిటికంటే ముఖ్యం ఇది. కొత్త ఇల్లు, మేడ మీద ఖాళీ గది, మనదేమో రాష్ట్రాల బోర్డర్, నది దాటితే పాతపట్నం. ఎవడైనా వచ్చి గది అద్దెకిమ్మని, రోజంతా ఇంటర్నెట్ కావాలని, సిమ్ములు బోలెడు గుచ్చిన పెట్టెలు పెడతానని, రెట్టింపు అద్దె ఇస్తానని అంటే ఒప్పుకోవద్దు నాన్నా. విదేశాల కాల్స్‌ని దొంగతనంగా మామూలు నంబర్ల మీదకి మళ్ళించే సిమ్ బాక్సులు అవి. 2023 టెలికాం చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటివి నడిపితే మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా. ఇల్లు నీదైతే పోలీసులు ముందు వచ్చేది నీ గుమ్మానికే. నీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకో, ఒక మనిషికి తొమ్మిదే.

పూత మొదలెట్టే ముందు రోజు ప్రతి గోడకీ టేపు ఆనించి, పైపులు కనపడేట్టు ఫోటోలు తీసి నాకు పంపు. చూసి చెప్తాను, ఆ తర్వాతే సిమెంటు కలపమను.

మీ మావయ్య