మడత విప్పని ఆ చీర జాగ్రత్త

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. చెల్లి పెళ్ళిలో బంధువులకు పెట్టడానికని, పర్యావరణహితం అని చెప్పుకునే ఒక బెంగళూరు బ్రాండ్ దగ్గర ఆన్‌లైన్‌లో 6 మంగళగిరి చీరలు 31,200 రూపాయలకు కొన్నాను. చేనేత, సహజ రంగులు అని రాశారు. మొదటి ఉతుకులోనే రంగు కారింది. మంగళగిరి నేతన్న ఒకరు చూసి మరమగ్గం బట్ట అన్నారు. బంధువుల్లో తల తీసేసినట్లయింది. చీరలు వచ్చి 23 నెలలైంది. కంపెనీ ఇన్నాళ్ళూ ‘పరిశీలిస్తున్నాం’ అంది. ఇప్పుడు మా దగ్గరున్న మూడు చీరలూ పంపితే చూసి డబ్బిస్తామంటోంది. లేబుళ్ళు కత్తిరించేశాను. ఒక చీర మాత్రం ప్యాకెట్ విప్పలేదు. పంపమంటారా?

జవాబు: పంపకండి. ఆ ప్యాకెట్ చేయి దాటితే మీ కేసు కూడా దాటిపోయినట్టే.

రంగు కారిందన్న మాట మీద ఆధారపడొద్దు. సరిగ్గా పట్టకపోతే సహజ రంగు కూడా కారుతుంది. తేలాల్సింది ఒక్కటే: చేనేత అని రాసి మరమగ్గం బట్ట అమ్మారా? అందుకు వాళ్ళు రాసింది కావాలి, వాళ్ళు పంపిన బట్ట కావాలి. విప్పని చీరకు లేబుల్ ఉంది, ఎవరూ ఉతకలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. ల్యాబ్ ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు.

ముప్పై వేలు పెట్టి కొన్నప్పుడు ఆ పేజీ ఫోటో తీసుకోవద్దా అమ్మా? ఇవాళ ఆ పేజీలో ఏ మాటైనా మార్చేయవచ్చు. ఆర్డర్ రోజు వచ్చిన మెయిల్, బిల్లు వెతకండి, అందులో ‘చేనేత’ అనే మాట ఉందేమో చూడండి. దొరికితే డిలీట్ చేయకండి. ప్రింట్లతో పాటు, ఎలక్ట్రానిక్ రికార్డుకు కావాల్సిన సర్టిఫికెట్‌ను సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద జతచేయాలి. ఆ నేతన్న చేత అఫిడవిట్ ఇప్పించండి.

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది మీ 23 నెలలు. ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ఇచ్చే గడువు రెండేళ్ళే. చీరలు అందిన తేదీ నుంచే లెక్క వేసుకోండి. మెయిళ్ళు పెట్టినా, లాయర్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. దాటితే ఆలస్యం ఎందుకైందో కమిషన్‌ను ఒప్పించాలి. ‘పరిశీలిస్తున్నామన్నారు’ అనే కారణం నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

బెంగళూరు వెళ్ళక్కర్లేదు. మీరుండే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే సెక్షన్ 34 ప్రకారం వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ లేకుండానూ వేసుకోవచ్చు. ధర, పరిహారం, ఖర్చులు అడగండి. ‘సహజం’ లాంటి మాటలకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడా ఫిర్యాదు చేయవచ్చు గానీ, మీ డబ్బు వచ్చేది కమిషన్ నుంచే.

ఇవాళే ఆ ప్యాకెట్‌ను అలాగే బీరువాలో పెట్టి తాళం వేయండి. ఈ వారంలోనే ఫిర్యాదు దాఖలు చేయండి.