పాతబస్తీకి ఏ వేళకు వెళ్లాలి, ఏం తినాలి

చిన్నబిడ్డకు ఆశీస్సులు.

ఆదివారం ఒక్కరోజులో చార్మినార్, బిర్యానీ, గాజులు, ఇరానీ చాయ్, బార్కస్ అన్నీ చుట్టేసి వస్తామని ఫోన్‌లో చెప్పావు. వద్దు బిడ్డా. సగం రోజు ట్రాఫిక్‌లో పోతుంది, మిగతా సగం కడుపు బరువుతో పోతుంది. ఒక పొద్దుకు ఒక్క బస్తీ పెట్టుకో. ఈ ఊళ్లో ప్రతి తిండికీ ఒక వేళ ఉంది. ఆ వేళకు వెళ్తేనే రోజూ అది తినేవాళ్ల పక్కన కూర్చుని తింటావు, లేకపోతే నీలాగే చూడ్డానికి వచ్చినవాళ్ల మధ్య కూర్చుంటావు.

ముందు నహారీతో మొదలుపెట్టు. రాత్రంతా సన్నటి మంట మీద ఉడికిన పాయా, అంటే మేక కాళ్ల పులుసు అది. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక జనం వచ్చి తింటారు. బాగా పొద్దెక్కాక వెళ్తే గిన్నె అడుగున మిగిలిందే దొరుకుతుంది. ఆ వేళకు మెట్రో ఉండదు, క్యాబ్‌లో రండి, నలుగురూ కలిసే రండి. దానికి జోడీ చార్ కోనీ నాన్, నాలుగు మూలలది. పురానీ హవేలీ వైపు నాన్ కాల్చేచోట కాసేపు నిలబడి చూడు. తందూర్ నేలలో బావిలా దిగి ఉంటుంది. పనివాడు నడుం దాకా వంగి పిండిని లోపలి గోడకు చరుస్తాడు, అంచు ఉబ్బి రంగు తిరగ్గానే ఇనుప చువ్వతో పైకి లాగేస్తాడు. వేడి మీదే తిను, చల్లారితే సాగుతుంది.

తిన్నాక ఆటో ఎక్కకు, నడువు. మదీనా చౌరస్తా దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాపానికి కట్టిన మందిరం. ఊరు కట్టిన కులీ కుతుబ్ షాయే దాన్నీ కట్టించాడు. ఊరు 1591లో, ఇది ఆ తర్వాత కొద్ది ఏళ్లకే. గోడల నిండా పింగాణీ పలకలు, పసుపూ నీలమూ ఆకుపచ్చా. కింది వరుసలను జాగ్రత్తగా చూడు, అక్కడ పలకలుండవు, రంగులు వేసి ఉంటాయి. 1908 మూసీ వరదలో కింది పలకలు పోతే తర్వాత చేత్తో రంగులు వేశారు. చెప్పులు బయట విడువు, తల మీద చున్నీ వేసుకో. మన ఊళ్లో పీర్ల పండుగకు మీ నానమ్మ మొక్కుకునేది గుర్తుందా? ఇక్కడ మొహర్రంలో నిలబెట్టే ఆలంలు, అంటే ఆ లోహపు ధ్వజాలు చూస్తే మన పీర్లు ఎవరి చుట్టాలో నీకే తెలుస్తుంది.

చాయ్‌కి చార్మినార్ చుట్టుపక్కలే ఎక్కడైనా కూర్చో. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పెట్టిన పాత హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, నాకు చాలా బాధగా ఉంది. ఉన్నవాటికైనా వెళ్లండి. డికాషన్ ఒక గిన్నెలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో గిన్నెలో ఉంటాయి, కప్పులోనే రెంటినీ కలుపుతారు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అని అడుగు. ఉస్మానియా బిస్కెట్ కాస్త తీపి, కాస్త ఉప్పు. ముంచి తినాలి.

నీ రూమ్మేట్ శాకాహారి అన్నావు కదా, ఆమె కోసం ఇంకో రోజు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ. అక్కడి మహిళా విశ్వవిద్యాలయంలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. పక్కనే సుల్తాన్ బజార్. మరాఠీవాళ్ల వివేకవర్ధిని స్కూలూ, 1901లో పెట్టిన మన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమూ ఆ చుట్టుపక్కలవే. నిజాం రోజుల్లో తెలుగు చదువుకోవడానికి ఎంత తంటాలు పడ్డారో తెలియాలంటే ఆ గ్రంథాలయం గడప తొక్కాలి. అక్కణ్ణించి బేగంబజార్ దగ్గరే. మార్వాడీల టోకు అంగళ్ల సందుల్లో కచోరీ, జిలేబీ వేడివేడిగా దొరుకుతాయి. ఆదివారం చాలా అంగళ్లు మూసేస్తారు, శనివారం వెళ్లండి. తిరుగుదారిలో 1935 నాటి మోజంజాహీ మార్కెట్ రాతి కట్టడం చూసి, పక్కన కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్లు కొనుక్కోండి. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టిన బేకరీ అది. మన ఇళ్లల్లో చుట్టాలకు పట్టుకెళ్లే బిస్కెట్ల వెనుక ఒక కుటుంబం ఊరు వదిలివచ్చిన కథ ఉంది.

బార్కస్‌ను మాత్రం చివరికి ఉంచుకో, తొందరపడి చూసే చోటు కాదు. చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల మనవలూ మునిమనవలూ అక్కడ ఉంటారు. లుంగీలు కట్టుకుని అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటారు. పెద్ద పళ్లెంలో అన్నం మీద మాంసం పెట్టిచ్చే మండీ కోసం అంత దూరం వెళ్లకు, అది ఇప్పుడు మీ ఆఫీసు పక్కనా దొరుకుతుంది. హరీస్ కోసం వెళ్లు, అదీ పొద్దున్నే. గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించి, రెండూ ఒకటయ్యేదాకా కర్రతో మెదుపుతారు. హలీం దీని చుట్టమే. మన హైదరాబాద్ పప్పులూ మసాలాలూ చేరి ఇక్కడే పెద్దదై, 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. హరీస్‌లో ఆ ఘాటు ఉండదు, అందుకే మొదటి ముద్దకు చప్పగా అనిపిస్తుంది. రెండో ముద్ద తిను. చక్కెర వేసిన మీఠా హరీస్ కూడా అడిగి చూడు, మాంసంలో తీపేంటని మొహం చిట్లించకు. వాళ్ల ముందు అసలే వద్దు.

ఎక్కడికెళ్లినా ముందు తిను, డబ్బులిచ్చెయ్, ఆ తర్వాతే ఫొటో అడుగు. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన ఖాళీగా కనబడితే, ‘చచా, మీ తాతగారిది ఏ ఊరు?’ అని నీకొచ్చిన హిందీలోనే పలకరించు. చాలామంది సంతోషంగా చెబుతారు. రద్దీ వేళ మాత్రం అడగొద్దు, వాళ్ల బేరం పాడవుతుంది. చిల్లర దగ్గర పెట్టుకో, నీళ్ల సీసా తెచ్చుకో.

ఏ రోజు వస్తున్నారో ముందురోజు రాత్రే ఫోన్ చెయ్యి. మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది, లాడ్ బజార్‌లో లక్క గాజులు చేయించుకోవాలట. బట్టీ పక్కన కూర్చుని నీ చేతికి కొలత తీసి చేసిస్తారు, నీకూ ఒక జత చేయిద్దాం.

మీ పెద్దనాన్న