కాన్పులు రోజూ చేసేవాళ్లకు మాక్ డ్రిల్ దేనికి?

గుంటూరులో నర్సింగ్ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: కోవిడ్ లాంటివి ప్రబలినప్పుడు లేబర్ రూమ్ సిబ్బందికి మాక్ డ్రిల్ (ఉత్తుత్తి కాన్పుతో సాధన) పెట్టి మళ్లీ శిక్షణ ఎందుకు?

కాన్పు చేయడం వాళ్లకు కొత్త కాదు, పీపీఈ కిట్‌లో చేయడం కొత్త. ఎన్95 మాస్కు, దానిపై ఫేస్ షీల్డ్ పెట్టుకున్నాక మాట సరిగా వినపడదు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. అందుకే గౌను మీద మార్కర్‌తో పేరు, హోదా రాసుకుంటారు. డాక్టరమ్మ "ఆక్సిటోసిన్ 10 యూనిట్లు" (రక్తస్రావం తగ్గించే మందు) అంటే సిస్టర్ అదే మాట తిరిగి చెప్పి, ఇచ్చాక "ఇచ్చాను" అనాలి. చిన్న విషయమే గానీ, బాలింతకు రక్తస్రావం ఆగని టెన్షన్‌లో ఇదే అక్కరకొస్తుంది.

అసలు తంటా కిట్ విప్పేటప్పుడు. ఒళ్లంతా చెమట (గుంటూరు మే నెల సంగతి చెప్పాలా!), అలసట. చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. డ్రిల్‌లో గ్లవ్స్‌కు అతినీలలోహిత కాంతిలో మెరిసే పొడి రాస్తారు. కిట్ విప్పాక ఆ లైటు వేస్తే మెడ మీద, మణికట్టు మీద ఎక్కడెక్కడ అంటిందో ఎవరికి వాళ్లకే కనిపిస్తుంది.

డ్రిల్‌కు రోగి స్థానంలో పెట్టే ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. నన్నడిగితే సొంత లేబర్ రూమ్‌లోనే చేయాలి. ఐసోలేషన్ గది నుంచి ఆపరేషన్ థియేటర్‌కు స్ట్రెచర్ ఏ దారిన పోవాలి, లిఫ్ట్‌లో పడుతుందా లేదా అన్నది అక్కడైతేనే తేలుతుంది.