మంత్రసానిలో ఆ సాని ఎక్కడిది?

ప్రశ్న: మా నాయనమ్మ ఊళ్ళో మంత్రసాని. మా పాప స్కూల్ ప్రాజెక్టుకి ఫ్యామిలీ ట్రీ వేస్తూ తాతమ్మ పని దగ్గర అదే రాసింది. మా ఆడపడుచు చూసి, పిల్లచేత సాని అని రాయిస్తారా వదినా, నర్సు అని మార్పించండి అంది. అది నిజంగా అంత చెడ్డ మాటా?
– ఒక పాఠకురాలు

జవాబు: కానే కాదమ్మా. సంస్కృతంలో స్వామిని అంటే యజమానురాలు, స్వామి మన నోట్లో సామి అయినట్టే స్వామిని సాని అయింది. కాకతీయుల కాలం శాసనాల్లో నాయకుల భార్యలు, కూతుళ్ళ పేర్ల చివర సాని అని గౌరవంగా కనిపిస్తుంది, దొరసానిలో ఉన్నదీ అదే సాని, ఆ మాటకి మాత్రం ఎవరూ మొహం చిట్లించరు చూడండి.

మరి చెడ్డ అర్థం ఎలా వచ్చిందంటే, అదే కాలంలో గుడిలో సేవ చేసే ఆడవాళ్ళని కూడా సానులనే పిలిచేవాళ్ళు. వాళ్ళకి సాని మున్నూరు అని ఒక సంఘమే ఉండేది, మున్నూరు అంటే 300. గుడిలో అఖండదీపం వెలగడానికి నెయ్యి కావాలి కదా, దానికోసం పశువుల్ని దానం ఇచ్చి రాతి మీద తమ పేరు చెక్కించుకున్న సానులున్నారు, అంటే చేతిలో ఆస్తి, ఊళ్ళో మాట రెండూ ఉన్నవాళ్ళన్నమాట. తర్వాత్తర్వాత రాజ్యాలు పోయాయి, గుడి మాన్యాల ఆసరా తగ్గింది, కొందరు జమీందార్ల ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళలో మేళాలకి ఆడాల్సొచ్చింది, అలా సానిమేళం, సానికొంప అనే మాటలు పుట్టాయి. వీరేశలింగం గారి కాలంలో సంస్కర్తలు ఆ మేళాల మీద పోరాడారు, మద్రాసు రాష్ట్రంలో 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వకుండా చట్టాలొచ్చాయి. అవి రావాల్సినవే, నాకు అందులో సందేహం లేదు. బాధల్లా ఎక్కడంటే ఆ మేళాలు పెట్టించి డబ్బులు విసిరిన మగవాళ్ళ పేరుకి ఏ మచ్చా రాలేదు, సాని అన్న మాట ఒక్కటే తిట్టయి మిగిలింది.

ఇదంతా మీ నాయనమ్మ పనికి అంటాల్సింది కాదు. అర్ధరాత్రి ఎవరు తలుపు కొట్టినా లేచెళ్ళడం, మాయ పడేదాకా బాలింతని కనిపెట్టుకుని కూర్చోవడం, బొడ్డు కోసి బిడ్డకి నీళ్ళు పోయడం, ఎంత బాధ్యతో ఆలోచించండి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అనే సామెత ఊరికే పుట్టలేదు కదా.

పాప రాసింది మార్చొద్దు. నర్సు అంటే వేరే చదువు, వేరే ఉద్యోగం, మీ నాయనమ్మ చేసింది అది కాదు. మంత్రసాని అనే ఉంచి, కింద ఆవిడ చేతుల మీద మీ ఇంట్లో ఎవరెవరు పుట్టారో వాళ్ళ పేర్లు కూడా రాయించండి, మీ ఆడపడుచు పేరు అందులో ఉంటే అదీ రాయించండి.