1971 యుద్ధం రోజుల్లో విశాఖలో మా చదువులు

"యుద్ధం జరుగుతుండగా ఊళ్ళో ఉండి చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? రోజులెలా గడిచేవి?" అని అడిగారు. నేను ఉన్నాను. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. నాకు గుర్తున్నంతవరకు యుద్ధాన్ని మేం చూసింది తక్కువ. చీకట్లో కూర్చుని చెవులతో విన్నదే ఎక్కువ.

డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద దాడి చేశాయని రేడియోలో చెప్పారు. రాత్రయ్యేసరికి వీధిలో వార్డెన్లు విజిల్ ఊదుకుంటూ దీపాలు ఆర్పించారు. మాది పాత వాల్వు రేడియో. దాని డయల్ వెలుతురు కూడా బయటికి కనిపించకూడదని అమ్మ తువ్వాలు కప్పింది. దాని చుట్టూ అందరం ముడుచుకుని కూర్చున్నాం. అంతకు ముందురోజే పౌర్ణమి, వీధంతా పిండారబోసినట్టు వెన్నెల. "దీపాలార్పితే ఏటి నాభం? సెందురుడ్ని ఎవుడార్పుతాడు?" అని అమ్మమ్మ ఒకటే గొడవ. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు ఇదే ఊరి మీద బాంబులేసినప్పుడు పిల్లల్ని జట్కాలో ఎక్కించుకుని విజయనగరం పారిపోయిన మనిషి ఆమె. ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకు తరలించేశారు అప్పుడు. అందుకే ఈసారి కూడా రెండు చీరలు, అటుకులు, ఇత్తడి చెంబు పెట్టి మూట కట్టేసింది. యుద్ధం అయ్యేవరకు ఆ మూట గుమ్మం పక్కనే ఉంది.

అర్ధరాత్రి దాటాక ఇందిరాగాంధీ మాట్లాడతారంటే మేలుకునే ఉన్నాం. సరిగ్గా ఆ సమయంలోనే సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం. కిటికీ అద్దాలు గడగడలాడాయి, అలమారలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి కాసేపు మోగుతూనే ఉన్నాయి. నాన్న లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ తెలియదు. పొద్దున్న చేపలరేవు నుంచి వచ్చినవాళ్ళు నీళ్ళ మీద నూనె తెట్టు, ఏవో సామాన్లు తేలుతున్నాయని చెప్పుకున్నారు. అంతకుమించి అయిదు రోజులు ఊరంతా ఊహలే.

ఆ మర్నాడు చేసిన పని బాగా గుర్తు. పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి దాచుకున్న బ్రౌన్ షీట్లన్నీ తీసి, మైదాపిండి ఉడికించి, బొద్దింకలు కొరక్కుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, కిటికీలన్నిటికీ అంటించాం. సందుల్లో కార్బన్ పేపరు ముక్కలు దూర్చాం. లాంతరు గాజుకి మూడు వైపులా కాగితం చుట్టి, ఒకవైపు నోటుబుక్కు మీద పడేంత వెలుతురు ఉంచుకున్నాను. దాని ముందు బోర్లా పడుకుని కెమిస్ట్రీ రికార్డు రాసేదాన్ని. గది మూసేస్తే కిరసనాయిలు వాసనతో గంటకే తల పట్టేసేది. ఉదయం ముక్కులో మసి. అందుకే పగలే చదువుకోవడం అలవాటైంది. కాలేజీలో ఆఖరి పీరియడ్ ఎత్తేసి చీకటి పడకముందే ఇళ్ళకు పంపేవారు. అర్ధసంవత్సర పరీక్షలు వెనక్కి జరిపారు. బస్సులకీ లారీలకీ హెడ్‌లైట్ల పైసగం నల్లరంగు. తమ్ముడు సైకిలు డైనమో లైటుకు కూడా పూసేశాడు.

మా మేడమీద ఒక నావికుడి కుటుంబం అద్దెకుండేది. మలయాళీలు. ఆవిణ్ణి మేం చేచీ (మలయాళంలో అక్క) అనేవాళ్ళం, నాకంటే ఆరేళ్ళు పెద్దదేమో. వాళ్ళాయన విక్రాంత్ అనే విమానవాహక నౌక మీద ఉన్నాడు. ఎక్కడున్నాడో మాత్రం తెలియదు. తెలుగు వార్తల్లో ఓడ పేరు వినిపిస్తే ఏం చెప్పారో చెప్పమని రోజూ వచ్చి నా పక్కన కూర్చునేది. ఈనాడు అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి విజయవాడ నుంచి రైల్లో వచ్చేవి. వాటిని కూడా తనకు చదివి అర్థం చెప్పేదాన్ని. ఉత్తరాలు రాయడమూ నా వంతే. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థుల కోసం కవరు మీద అదనంగా అయిదు పైసల తపాలా బిళ్ళ అంటించాల్సిన రోజులవి, నవంబరు 15 నుంచే మొదలైంది. ఆ చిన్న బిళ్ళ నాలికతో తడుపుతున్నప్పుడే బెంగాల్లో జరుగుతున్నది మా ఇంట్లోకి వచ్చినట్టనిపించేది.

మార్గశిర మాసం కదా, గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మికి విశేషం. 9వ తేదీ తెల్లవారుజామున అమ్మ, చేచీ, నేను బయల్దేరాం. దారంతా దీపం లేదు. వందలమంది ఆడవాళ్ళు నడుస్తున్నారు, మొహాలు కనిపించవు, గాజుల చప్పుడు, పసుపు వాసన మాత్రమే. గోపురం లేని ఆ గుళ్ళో, ఆకాశం కింద, చేచీ అమ్మవారి మీద బిందెడు నీళ్ళు పోసి చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఆ రోజే నౌకాదళం ప్రకటించింది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన ఊరి బయట మునిగిపోయిందని. మేం విన్న శబ్దం అదేనన్నమాట. అది వచ్చింది విక్రాంత్ కోసమని, ఆ ఓడ మాత్రం దూరంగా అండమాన్ల దగ్గర ఉందని తర్వాత తెలిసింది. విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు శత్రువును నమ్మించారట. ఆ రాత్రే అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగి 194 మంది పోయారు. ఆ వార్త వచ్చాక చేచీ రెండు రోజులు కిందకి దిగలేదు. పశ్చిమాన పోయిన ఓడకి ఇక్కడ తూర్పున ఆవిడ అన్నం మానేసింది. అమ్మ గంజి పట్టుకెళ్ళి తాగించింది.

16, మళ్ళీ గురువారమే, మార్గశిరంలో ఆఖరుది. సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో రాగానే వీధిలోకి పరుగెత్తాం. అయినా దీపాలు వెలిగించలేదు, పశ్చిమాన కాల్పులు 17 రాత్రి ఎనిమిదికి గానీ ఆగలేదు. అమావాస్య చీకటి అది. తర్వాతి సాయంత్రం నేను తడిగుడ్డతో కిటికీల కాగితాలు నానబెట్టి గీరుతుంటే, చేచీ పైన గదిలో బల్బు వేసి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, తెల్లారేవరకు అలాగే వదిలేసింది. కరెంటు బిల్లు గురించి మా నాన్న ఒక్క మాటా అనలేదు.