మా పెరట్లోకి వచ్చింది మౌంటెన్ లయనేనా?

ప్రశ్న: మేం ఇల్లినాయ్‌లో ఉంటాం. పక్కింటివాళ్ల డోర్‌బెల్ కెమెరాలో రాత్రిపూట ఒక పెద్ద పిల్లిలాంటిది నడిచి వెళ్తూ కనిపించింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరూ మౌంటెన్ లయన్ అంటున్నారు. వన్యప్రాణి శాఖవాళ్లకు ఫోన్ చేస్తే ఇక్కడ అవి లేవు, బాబ్‌క్యాట్ అనే చిన్న అడవి పిల్లి అయ్యుంటుందని తేల్చేశారు. ఎవరి మాట నమ్మాలండీ?

జవాబు: ముందు ఆ వీడియో మళ్లీ పెట్టి తోక చూడండి. మౌంటెన్ లయన్ (ప్యూమా, కూగర్ అన్నా ఇదే) తోక రెండు నుంచి మూడు అడుగులు ఉంటుంది, లావుగా, కింద దాకా వేలాడుతూ, చివర కాస్త పైకి వంగి, కొస నల్లగా. బాబ్‌క్యాట్‌ది జానెడు కూడా ఉండదు. అందుకే తోక కనిపిస్తే ఆ రెంటికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. తోక పొడవుగానే ఉందంటారా, అప్పుడు అసలు చిక్కు వేరే: మామూలు పెంపుడు పిల్లి తోక కూడా పొడవే కదా. రాత్రి కెమెరాలో రంగు తెలియదు, పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు, కెమెరాకు దగ్గరగా నడిస్తే వీధి పిల్లి కూడా చిరుతలా కనిపిస్తుంది. దీనికి అధికారులు చేసే పని చాలా సింపుల్. తెల్లారాక అదే జంతువు నడిచిన చోట ఒక కొలబద్ద నిలబెట్టి, అదే కెమెరాతో మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెడతారు. మౌంటెన్ లయన్ భుజం దగ్గర ఎత్తు రెండు అడుగులకు తగ్గదు, పిల్లి ఒక అడుగు కూడా ఉండదు. మీరే చేసి చూడొచ్చు, ఐదు నిమిషాల పని.

బురద ఉంటే అడుగులు కూడా చూడండి. కుక్క అడుగులో సాధారణంగా గోళ్ల గుర్తులు పడతాయి, మౌంటెన్ లయన్ గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడవు. దాని అడుగులో వెనక మెత్తటి భాగం కింది అంచు మూడు భాగాలుగా విడిపోయినట్టు ఉంటుంది, అడుగు వెడల్పు మూడు అంగుళాలు దాటుతుంది. పక్కన స్కేలు పెట్టకుండా అడుగు ఫొటో తీస్తే మాత్రం అది ఎవరికీ పనికిరాదు.

ఇక 'లేవు' అన్న మాట. ఆ ఆఫీసులో అన్నది అబద్ధం కాదు, కానీ సగం చెప్పి వదిలేశారు. ఇల్లినాయ్‌లో స్థిరపడి పిల్లల్ని కంటున్న మౌంటెన్ లయన్లు లేవు, అది నిజం. దారిన పోయేవి మాత్రం వస్తుంటాయి. 2008 ఏప్రిల్‌లో ఏకంగా షికాగో నగరంలో, రాస్కో విలేజ్ ఇళ్ల మధ్య ఒకదాన్ని పోలీసులు కాల్చి చంపారు, దాని మూలం సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ అని డీఎన్‌ఏ చెప్పింది. 2022లో డీకాల్బ్ కౌంటీ హైవే మీద ఒకటి బండి కింద పడింది. అదే ఏడాది నెబ్రాస్కాలో మెడకు జీపీఎస్ కాలర్ కట్టిన మరొకటి నడుచుకుంటూ స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా వచ్చేస్తే మత్తిచ్చి పట్టుకుని ఇండియానాలోని ఒక సంరక్షణ కేంద్రానికి పంపారు. కాబట్టి మీ పక్కింటివాళ్ల వీడియోలో ఉన్నది మౌంటెన్ లయన్ కావడం అసాధ్యం కాదు. బాబ్‌క్యాటో, పిల్లో అయ్యే అవకాశమే చాలా ఎక్కువ, అంతే.

ప్రశ్న: మాది కనెక్టికట్. జింకలు పెరిగిపోయాయని ప్రభుత్వమే వీటిని రహస్యంగా తెచ్చి వదిలిందని, అందుకే ఎవరు చూశామన్నా కొట్టిపారేస్తోందని ఇక్కడ చాలామంది అంటారు. నిజమేనా?

జవాబు: ఈ కథ మీ రాష్ట్రం ఒక్కదానిదే కాదు, మౌంటెన్ లయన్ కనిపించిందన్న ప్రతి రాష్ట్రంలోనూ తిరుగుతుంది. దీనికి సరైన జవాబు మీ ఊళ్ల నుంచే వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2011 జూన్ మొదట్లో గ్రీనిచ్‌లో ఒక స్కూలు దగ్గర మౌంటెన్ లయన్ కనిపించింది. జూన్ 11న తెల్లవారకముందే మిల్‌ఫర్డ్ దగ్గర విల్బర్ క్రాస్ పార్క్‌వే మీద ఒక ఎస్‌యూవీ గుద్ది చనిపోయింది. మగది, బరువు 140 పౌండ్లు. ఎవరో పెంచుకుంటుంటే తప్పించుకుని ఉంటుందని అధికారులు మొదట అనుకున్నారు, ఆ రాష్ట్రంలో అలా కాక ఇంకెలా వస్తుంది మరి! తీరా కోసి చూస్తే చర్మం కింద ముళ్లపంది ముళ్లు ఉన్నాయి, కడుపు ఖాళీ. పెంచుకునేవాటికి చేసినట్టు గోళ్లు తీయలేదు, మైక్రోచిప్ లేదు. డీఎన్‌ఏ పరీక్షలో అది బ్లాక్ హిల్స్ జాతిదని తేలింది. అసలు విశేషం ఆ తర్వాత. 2009 చివర్లో, 2010 మొదట్లో మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో ఒక మౌంటెన్ లయన్ తిరిగిన చోట ఏరి దాచిన నమూనాలతో పోల్చితే అది ఇదేనని తెలిసింది! అంటే 1,500 మైళ్లకు పైగా కాలినడకన వచ్చింది. మధ్యలో న్యూయార్క్‌లోని లేక్ జార్జ్ దగ్గర కూడా వెంట్రుకలు వదిలి వెళ్లింది.

ఇది చూసి చాలామంది 'చూశారా, ఉన్నాయిగా' అంటారు. నాకు దీంట్లో కనిపించేది ఇంకోటి. ఒకే ఒక్క జంతువు, జనానికి దూరంగా రాత్రుళ్లు నడుస్తూ పోయినా ఇన్ని రాష్ట్రాల్లో ఆనవాళ్లు వదిలింది. అలాంటివి పదో ఇరవయ్యో మీ చుట్టుపక్కల కాపురం ఉంటే రోడ్ల మీద దొరకకుండా ఉంటాయా? ఫ్లోరిడా చూడండి. అక్కడ పాంథర్ అని పిలిచేదీ ఇదే జంతువు, పెద్దవి 120 నుంచి 230 వరకు ఉంటాయని అంచనా. చాలా సంవత్సరాల్లో ఒక్కో ఏడాదే 20కి పైగా వాహనాల కిందే పోతున్నాయి. ప్రభుత్వం దాచాలనుకున్నా రోడ్డు దాచదు కదా.

ప్రశ్న: జార్జియాలో మా ఫ్రెండ్ పొలం దగ్గర నల్లటి మౌంటెన్ లయన్‌ని పట్టపగలే చూశానని ఒట్టేసి చెబుతున్నాడు. వీటిలో నల్లవి అరుదా?

జవాబు: అరుదు అనడానికి కూడా లేదు, ఇప్పటిదాకా ఒక్కటి కూడా రుజువు కాలేదు. బ్లాక్ పాంథర్ అని మనం ఫొటోల్లో చూసేవి నల్ల చిరుతలు, నల్ల జాగ్వార్లు. మీ ఫ్రెండ్ అబద్ధం చెబుతున్నాడని కాదు, ఏదో నల్లటి జంతువునే చూసుంటాడు. జార్జియాకు మౌంటెన్ లయన్ రాదనీ కాదు, 2008లో ట్రూప్ కౌంటీలో ఒక వేటగాడు కాల్చింది ఫ్లోరిడా నుంచి వచ్చిందేనని డీఎన్‌ఏతో తేలింది. అది మాత్రం నల్లది కాదు.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, పెరట్లోకి పంపాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎదురైతే ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ అర్థమవుతుంది కానీ, ఉత్తర అమెరికా మొత్తంలో నూరేళ్లకు పైగా లెక్క తీసినా వీటివల్ల పోయిన ప్రాణాలు సుమారు 30. జింక కారుకు అడ్డొచ్చి చనిపోయేవాళ్లు ఏటా అంతకంటే చాలా ఎక్కువ. ఎదురైతే పరుగెత్తొద్దు, పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. పిల్లల్ని వంగకుండా ఎత్తుకోండి, దాని వైపే చూస్తూ, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే చచ్చినట్టు పడుకోవద్దు, చేతికి ఏది దొరికితే దాంతో తిరగబడాలి. కుక్కపిల్లల్ని, మేకల్ని రాత్రి బయట వదలకండి.

ప్రశ్న: మిషిగన్ నుంచి రాస్తున్నాను. ఇవి తూర్పు వైపుకు మళ్లీ శాశ్వతంగా వచ్చేస్తున్నట్టేనా?

జవాబు: మగవాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఏడాదో రెండేళ్లో వయసొచ్చాక కుర్ర మగది సొంత చోటు కోసం, ఆడతోడు కోసం బయల్దేరుతుంది, తోడు దొరక్కపోతే ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కనెక్టికట్‌లో జరిగింది అదే. ఆడవి అలా వెళ్లవు, చాలావరకు తల్లి తిరిగిన చోటుకు దగ్గర్లోనే కుదురుకుంటాయి. కాబట్టి ఇవి తూర్పుకు జరగడం చాలా నెమ్మది. నెబ్రాస్కాలో పిల్లల్ని కని నిలదొక్కుకున్నాయి. పక్కనే ఉన్న మిస్సోరీలో 1994 నుంచి ఎన్నోసార్లు కనిపించినట్టు రుజువైనా, వచ్చినవాటిలో ఎక్కువ కుర్ర మగవే.

అందుకే మీ రాష్ట్రంలో 2025 మార్చిలో జరిగింది నాకు షికాగో సంఘటన కంటే పెద్ద వార్త. రాష్ట్రం ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలోని ఒంటొనాగన్ కౌంటీలో రెండు కూనల ఫొటోలు దొరికాయి, అధికారులు నిజమేనని ధ్రువీకరించారు. వందేళ్ల తర్వాత మిషిగన్‌లో మొదటిసారి. కూనలు ఉన్నాయంటే ఆడది వచ్చిందనేగా! అయితే ఒక్క తల్లితో జనాభా అయిపోదు. ఆ కూనలు బతికాయా, పక్కన ఇంకో ఆడది కనిపించిందా అన్నది గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: గ్రూపులో వచ్చిన ఫొటో నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: జింకను నోట కరుచుకున్న మౌంటెన్ లయన్ ఫొటో ఒకటి వస్తే, అదే ఫొటో పక్క రాష్ట్రంలో ఇంకో కౌంటీ పేరుతో తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో పడమటి రాష్ట్రాల్లో తీసినవే ఇలా ఊళ్లు మారుతుంటాయి. ఫార్వార్డ్ చేసినాయన్ని కాదు, తీసినాయన్ని పట్టుకోండి. కెమెరాలోని అసలు ఫైలు, తేదీతో సహా అడగండి. తర్వాత ఫొటోలో ఉన్న చెట్టును చూపించమనండి. వన్యప్రాణి శాఖవాళ్లు వచ్చినా ముందు ఆ చెట్టు దగ్గరికే వెళ్లి, అదే కోణంలో నిలబడి ఫొటో పోల్చి చూస్తారు. చూపించలేకపోతే ఆ ఫొటో అక్కడిది కాదు.