బార్తెల్ స్కోరు 45 అంటే సగం కూడా కోలుకోలేదని అర్థమా?

మీ నాన్నగారికి స్ట్రోక్ వచ్చి మూడు వారాలైందని, డిశ్చార్జ్ కాగితంలో ‘బార్తెల్ 45/100’ అని చూసి ఇంట్లో అందరూ బెంగ పెట్టుకున్నారని రాశారు. సగం కూడా కోలుకోలేదనా దీని అర్థం అని అడిగారు. కాదండీ, ముందు ఆ టెన్షన్ తీసేయండి. రెండేళ్ల కిందట మా అమ్మ కాగితంలో 40 అని చూసి నేను హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అందుకే తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ఈ లెక్కను 1965లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరోథియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు ప్రచురించారు. మనిషి రోజూ చేసుకునే పది పనులు ఇందులో ఉంటాయి. స్నానానికి 5, ముఖం కడుక్కుని తల దువ్వుకోవడానికి 5. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, నడవడానికి 15. తినడం, బట్టలు వేసుకోవడం, మల విసర్జన అదుపు, మూత్రం అదుపు, టాయిలెట్ వాడుకోవడం, మెట్లెక్కడం, వీటికి తలా 10. ఒక పని మనిషి తనంతట తాను చేసుకోలేకపోతే పక్కవాళ్లు ఎంతసేపు, ఎంత సాయం పట్టాల్సి వస్తుందో చూసి ఈ అంకెలు వేశారు. కాబట్టి 45 అనేది మెదడు ఎంత బాగుపడిందో చెప్పే అంకె కాదు. మీ నాన్నగారికి రోజు గడవడానికి ఇంకొకరి సాయం ఎంత కావాలో చెప్పే అంకె.

ఇంకో సంగతి, దీన్ని తెలుసుకోవడానికే నాకు నెల పట్టింది. ఆ పని ‘చేయగలరా’ అని ఇక్కడ చూడరు, ‘చేస్తున్నారా’ అని చూస్తారు. గడిచిన ఒకటి రెండు రోజుల్లో నిజంగా ఏం జరిగిందో అదే లెక్క. పక్కన నిలబడి ‘జాగ్రత్త, జాగ్రత్త’ అంటూ కాపలా కాయాల్సి వచ్చినా సాయం చేసినట్టే. చేతికర్ర పట్టుకుని నడిస్తే మాత్రం సొంతంగా నడిచినట్టే.

మా అమ్మ సంగతి చెబుతాను. ఊరు కావలి. చెన్నైలో మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా తడబడేది. అమ్మకు తమిళం రాదు. హాస్పిటల్లో ఫిజియో తమిళంలో అడుగుతుంటే పక్కనుంచి నేనే జవాబులు చెప్పాను. తనే తింటారా? లేదు, మేమే తినిపిస్తున్నాం. సున్నా. తల తనే దువ్వుకుంటారా? లేదు, నేనే దువ్వుతున్నాను. సున్నా. అలా వచ్చింది ఆ 40. అమ్మను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు.

విల్లివాక్కంలోని మా ఇంటికి వచ్చాక రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా నేర్పించే ఆక్యుపేషనల్ థెరపిస్టును ఒకరిని మాట్లాడుకున్నాం. చిత్తూరు అమ్మాయి, తెలుగే. మొదటి రోజు వ్యాయామం ఏమీ చేయించలేదు, మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చి ఊరికే చూస్తూ కూర్చుంది. నేను ముద్ద కలిపి అమ్మ నోట్లో పెడుతుంటే, ‘ఎడం చెయ్యి బాగానే ఉంది కదమ్మా, దాంతో ఎందుకు తినవు?’ అని అడిగింది. అమ్మ చాలాసేపు మాట కోసం వెతుక్కుని, ఎడం చెయ్యి కొంచెం పైకెత్తి చూపించి, ‘కడుక్కునేది’ అంది. అంతే. నాకు గుండె జారిపోయింది. కుడి చెయ్యి పోయాక టాయిలెట్‌లో కడుక్కోవడానికి మిగిలింది ఆ ఎడం చెయ్యే. డెబ్భై ఏళ్లు ఆ చేత్తో మెతుకు ముట్టని మనిషి ఇప్పుడు దాంతో అన్నం ఎలా తింటుంది? ఆకలేసినా మా కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. మేమేమో చేతకాక తినడం లేదనుకున్నాం.

‘చెంచా పట్టుకోమ్మా, నోట్లోకి పోయేది చెంచానే కదా’ అంది ఆ అమ్మాయి. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు గిన్నె తెమ్మంది, జారకుండా దాని కింద తడిగుడ్డ పరిచింది. పెరుగన్నం. మొదటి చెంచా గడ్డం మీద పడింది, రెండోది నైటీ మీద. నేను ఆగలేక చెయ్యి చాపితే నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. గిన్నెలో సగం తినడానికి అరగంట పట్టింది. తిన్నాక అమ్మ గిన్నెను తనే కొంచెం పక్కకు జరిపింది. స్ట్రోక్ వచ్చాక అమ్మ ‘చాలు’ అని తనంతట తాను చెప్పింది ఆ రోజే. (ఒక్క మాట: మింగడానికి ఇబ్బంది లేదని డాక్టరో, స్పీచ్ థెరపిస్టో పరీక్షించి చెప్పాకే మీరు ఇలాంటివి మొదలుపెట్టండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.)

రెండు వారాల్లో స్కోరు 50 అయింది. అన్నం మేమే కలిపి ఇస్తున్నాం కాబట్టి తినడానికి 5. ఎడం చేత్తో పళ్లు తోముకుని తల దువ్వుకోవడానికి 5. కుడి చేతి వేళ్లలో మాత్రం ఒక్క కదలికా రాలేదు. మారింది మేము.

అందుకే మీకు చెప్పేది, 45 అన్న మొత్తాన్ని పట్టుకుని కూర్చోకండి. ఆ పది పనుల్లో దేనికి ఎంత వేశారో విడివిడిగా రాసివ్వమని అడగండి. సున్నా వేసిన ప్రతిచోటా ఒక్కటే చూసుకోండి: నాన్నగారికి చేతకాక సున్నా వచ్చిందా, మనం చేయనివ్వక వచ్చిందా, ఆయన సిగ్గుపడి మానేస్తే వచ్చిందా. నాన్నగారినే నేరుగా అడగండి, జవాబు ఎంత ఆలస్యమైనా ఓపిక పట్టండి. మొదటి మూడు నెలల్లోనే మార్పు ఎక్కువగా కనిపిస్తుంది, ఆ రోజుల్ని మనం మితిమీరిన సేవతో పోగొట్టకూడదు.

దీనికి ఎదురుగా ఇంకోటి కూడా జరుగుతుంది. హాస్పిటల్లో ఎత్తైన కమోడ్, గోడకు కడ్డీ, పొడి నేల ఉంటాయి. మా బాత్రూమ్‌లో గడప, తడి, పట్టుకోవడానికి ఏమీ లేదు. అక్కడ కొద్ది సాయంతో టాయిలెట్‌కు వెళ్లిన అమ్మను ఇక్కడ ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. కడ్డీ బిగించాక గానీ కుదుటపడలేదు. ఇంటికి వచ్చిన వారానికి ఇంట్లోనే మళ్లీ లెక్క వేయించండి.

మీ కాగితంలో వేరే అంకెలు కూడా ఉంటే కంగారుపడకండి. స్ట్రోక్ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే ఎన్ఐహెచ్ఎస్ఎస్ అనే లెక్క 0 నుంచి 42 వరకు ఉంటుంది, అందులో తక్కువ ఉంటే మంచిది. స్ట్రోక్ తర్వాత మొత్తంగా ఎంత ఇబ్బంది మిగిలిందో చెప్పే మోడిఫైడ్ రాంకిన్‌లోనూ అంతే, 0 అంటే ఏ ఇబ్బందీ లేదని. బార్తెల్‌లో మాత్రం ఎక్కువ ఉంటే మంచిది. మా తమ్ముడు ఎన్ఐహెచ్ఎస్ఎస్ తగ్గిందని చదివి రాత్రంతా నిద్రపోలేదు, నిజానికి అది మంచి వార్త.

ఆరు నెలలకు అమ్మ 85కి వచ్చింది. కర్రతో తనే నడుస్తుంది, టాయిలెట్‌కు తనే వెళ్తుంది, నేను వెనక ఉంటే కడ్డీ పట్టుకుని మెట్లెక్కుతుంది. బట్టల దగ్గర 5 మీదే ఆగింది, ఒంటి చేత్తో జాకెట్ హుక్కులు పెట్టుకోవడం, చీర కుచ్చిళ్లు పోసుకోవడం కుదరలేదు. స్నానానికి ఇప్పటికీ సున్నానే, జారిపడుతుందన్న భయంతో నేను లోపలే ఉంటాను కాబట్టి.

అయితే 85 చూసి నేను ఒక తప్పు చేశాను. ఇక ఫరవాలేదని ఒక పూట ఒంటరిగా వదిలి వెళ్లాను. వచ్చేసరికి బీపీ మాత్ర రెండుసార్లు వేసుకుంది, పొద్దున వేసుకున్న సంగతి గుర్తులేక. ఫోన్ తీసి నాకు చేయడం కూడా రాలేదు. మాట, జ్ఞాపకం, మందులు, డబ్బు లెక్క, ఫోన్, వంట, ఇవేవీ బార్తెల్‌లో లేవు. నూటికి నూరు వచ్చినా మనిషి ఒంటరిగా బతకగలడని అర్థం కాదని దాన్ని తయారుచేసినవాళ్లే రాశారు. ఇలాంటి పనులకు 1969లో వచ్చిన లాటన్ స్కేల్ అని వేరే ఉంది, ఎనిమిది అంశాలు. నాన్నగారు 80 దాటాక అది కూడా వేయించండి.

ఇప్పటికి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఆదివారం ఆదివారం పది పనులకూ ఎదురుగా రాయండి: తనే చేశారు, చెబితే చేశారు, పట్టుకుంటే చేశారు, మనం చేశాం. తర్వాతి చెకప్‌కు అదే తీసుకెళ్లండి. నేను నోటితో చెప్పినప్పుడు వినని డాక్టరు నోట్‌బుక్ చూపిస్తే పది నిమిషాలు మాట్లాడారు. నాన్నగారికి ఏ చెయ్యి పడిపోయిందో, ఏ పనికి ఎంత వేశారో కింద రాస్తే, మాకు పనికొచ్చినవి ఏమైనా ఉంటే చెబుతాను.